ఆ గంట నాది అన్న మేడం

మేడం పోయారని కోదాడ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను మా ఊరు చివ్వెంల దాటి బండి మీద సూర్యాపేటకు వస్తున్నాను. బండి పక్కకు ఆపి ఆయన చేత మళ్ళీ చెప్పించుకున్నాను. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. సాయంత్రం సమాధి అన్నాడు. "మీ ఆఫీసువాళ్ళకి మీరే చెప్పండి, నా దగ్గర ఎవరి నంబర్లూ లేవు" అన్నాడు. సరే అన్నాను. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి.

ఇది ఆమెను ఎరిగినవాళ్ళ కోసమూ, ఎరగనివాళ్ళ కోసమూ రాస్తున్నాను. ఆమె పని గురించి చెప్పకుండా ఆమె గురించి చెప్పడం నాకు రాదు. అది కంప్యూటర్ పని. వీలైనంత మామూలు మాటల్లో చెబుతాను.

మేడం కోదాడలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. నేనూ అక్కడే చదివాను. కాలేజీ మానేశాక ఆమె సూర్యాపేటలో, మార్కెట్ యార్డు దగ్గర ఒక విత్తనాల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని చిన్న ఆఫీసు పెట్టారు. అందులో ఆమె, నేను, స్వాతి అనే ఇంకో అమ్మాయి. మేడం రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చేవారు. ఎడమ చెవి సరిగా వినపడేది కాదు. అందుకని ఎవరితో మాట్లాడినా ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ పెట్టేవారు. ఆమెకు వచ్చే ఫోన్లలో మాకు తెలియనివి ఉండేవి కావు. తమ్ముడి భార్య కూర ఏం వండిందో కూడా మాకు తెలిసేది.

కంప్యూటర్‌ను ఒక ప్రశ్న అడిగితే, జవాబు వచ్చేదాకా ఆమె కూర్చునేవారు కాదు. కుర్చీ వెనక నిలబడి తెర వైపు చూస్తూ ఉండేవారు. టీ వచ్చినా ముట్టేవారు కాదు.

ఏదైనా ఆలస్యమైతే ఆమె అడిగేది ఒకటే. "ఎక్కడ మొదలుపెట్టావు?" కంప్యూటర్ పనికే కాదు, మనుషుల మాటలకూ అదే. ఒకరోజు స్వాతి ఆలస్యంగా వచ్చి, కారణం చెబుతూ ముందు రోజు సాయంత్రం మేనమామ ఇంటికి రావడం దగ్గర నుంచి ఎత్తుకుంది.

"అమ్మాయ్, ఎక్కడ మొదలుపెట్టావు?" అన్నారు మేడం.

"మామ వచ్చిన కాడికెళ్ళి మేడం."

"బస్సు తప్పిపోయిన దగ్గర మొదలుపెట్టు. మీ మామ అడ్డం వస్తే అప్పుడు చూద్దాం."

మాకున్నది ఒకటే పని. మిర్యాలగూడ రైసు మిల్లుల నుంచి బయటికొచ్చిన బియ్యం బస్తా ఎవరెవరి చేతులు మారి ఎక్కడ దిగిందో కంప్యూటర్‌లో ఉంచాలి. ఆ వివరాలు అమ్మినవాళ్ళూ, కొన్నవాళ్ళూ, మోసినవాళ్ళూ తమ ఫోన్లలోనే ఎక్కిస్తారు. పురుగు పట్టిందనో, నూక ఎక్కువైందనో ఎవరన్నా బస్తా వాపసు పంపితే అది ఏ గోదాములోదో మిల్లువాళ్ళకు తెలియాలి. అందుకోసం మేడం గ్రాఫ్ డేటాబేస్ ఎంచుకున్నారు. కాగితం మీద గుండ్రాలు గీసి, ఒక గుండ్రం నుంచి ఇంకో గుండ్రానికి గీత గీస్తే ఎలా ఉంటుందో దాని లోపల అలాగే ఉంటుంది. గోదాము ఒక గుండ్రం. దుకాణం ఒక గుండ్రం. లారీ ఒక గుండ్రం. బస్తా చేతులు మారితే అమ్మినవాళ్ళకూ కొన్నవాళ్ళకూ మధ్య ఒక గీత, దాన్ని మోసిన బండికి వేరే గీత. గుండ్రాన్ని నోడ్ అంటారు. అది ఏ రకం గుండ్రమో తెలియడానికి దానికి అంటించే పేరు లేబుల్.

ఆ లేబుల్ దగ్గరే మాకు దెబ్బ తగిలింది.

పని మొదలుపెట్టే ముందు మేడం, నేను మిర్యాలగూడ వెళ్ళాం. మిల్లు ఓనరు గదిలో కూర్చున్నాం. ఫ్యాన్ తిరుగుతుంటే తవుడు దుమ్ము బల్ల మీద లేచి మళ్ళీ అక్కడే పడుతోంది. మీ దగ్గర ఎన్ని రకాలవాళ్ళు ఉంటారో చెప్పమని మేడం అడిగారు. ఎవరెవరికి ఏ లేబుల్ పెట్టాలో తెలుసుకోవడానికి.

"రకాలేంది మేడం, మా కాడ అందరు పార్టీలే" అన్నాడు ఓనరు. "వడ్లమ్మేటోడు పార్టీ. బియ్యం కొనేటోడు పార్టీ. లారీ పార్టీ వస్తడు. హోటల్ పార్టీ ఫోన్ జేస్తడు."

"మరి గోదాము?"

"అది మా బామ్మర్ది పేరు మీదుంది. అది గూడ పార్టీయే."

"ఇంట్లో మీ ఆవిడో?"

"ఆమె పెద్ద పార్టీ మేడం. ఆమెను మేం అడుగం, ఆమెనే మమ్ముల అడుగుతది."

గదిలో అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వారు. తిరుగు బస్సులో నేను అడిగాను, మరి లేబుళ్ళు ఎట్లా అని. ఆమె, వాళ్ళకు అలవాటైన మాటే ఫోన్లో కనపడితే త్వరగా ఎక్కిస్తారు, అన్నిటికీ పార్టీ అనే పెడదాం, రకం అని పక్కన ఒక గడి ఇద్దాం, అందులో నింపుకుంటారు అన్నారు. గోదాముకూ, లారీకీ, దుకాణానికీ, హాస్టల్‌కూ, హోటల్‌కూ అన్నిటికీ ఒకే లేబుల్ పడింది. రకం గడి చాలామంది నింపలేదు. గుండ్రాలు తక్కువగా ఉన్నన్నాళ్ళు తేడా తెలియలేదు. ఒక దుకాణం దగ్గర మొదలై వెనక్కి ఒక మిల్లు దాకా పోవడం చిన్న దారి. అడిగిన వెంటనే జవాబు వచ్చేది. గుండ్రాలు పెరిగాయి. వెనక్కి పోవడమే తప్ప, ఒక గోదాము నుంచి సరుకు చేరిన అందరి దగ్గరికీ ముందుకు పోవాల్సిన అవసరం మాకు రాలేదు.

ఆ అవసరం వచ్చిన రోజు గురించి చెబుతాను.

ఎండాకాలం. పొద్దున పనులు మొదలై చాలాసేపయింది. మిర్యాలగూడ మిల్లు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. స్పీకర్‌లో అతని ఆయాసం వినపడుతోంది.

"మేడం, జర జల్ది సూడాలె. మందు పెట్టిన లాట్ లోడైంది."

ఆ మాట అర్థం కానివాళ్ళ కోసం చెప్పాలి. గోదాములో ఒకచోట పేర్చిన బస్తాల కుప్పను లాట్ అంటారు. పురుగు పట్టకుండా బస్తాల మధ్య మందు పొట్లాలు పెట్టి, మొత్తం కవరు కప్పి కొన్ని రోజులు ఉంచుతారు. మందుకు గాలిలోని తేమ తగిలితే విషవాయువు వస్తుంది, పురుగు చస్తుంది. తర్వాత కవరు తీసి, పొట్లాలు ఏరి, గోదాము తలుపులు తెరిచి ఆరబెట్టి, అప్పుడు గానీ బస్తా ముట్టరు. ముందు రోజు ఎవరూ కనిపెట్టి ఉండని వేళ గాలికి కవరు ఒక పక్క లేచిపోయింది. లోడింగ్‌వాళ్ళు అది ఆరబెట్టిన లాట్ అనుకుని అందులోంచి లారీ నింపారు. పొట్లాలు కొన్ని బస్తాల సందుల్లోనే అతుక్కుని వెళ్ళిపోయాయి. తెరిచిన చోట ఆ వాయువు చెదిరిపోతుంది. మూసిన గదిలో ఆ బస్తాల పక్కన మనిషి పడుకుంటే ప్రాణం పోతుంది.

లారీ సూర్యాపేటలో ఒక హోల్‌సేల్ సేటు దగ్గర దిగింది. తెల్లారేసరికి సేటు ఆ సరుకును అమ్మేశాడు. పెద్ద పెద్దవి ఆయనకు గుర్తున్నాయి. పట్నంలో ఒక హాస్టల్, కోదాడలో ఒక ఫంక్షన్ హాలు. వాళ్ళు ఫోన్ ఎత్తారు, బస్తాలు ఆరుబయట వేయించారు. మిగిలినవి ఎక్కడికి పోయాయో ఆయనకు తెలియదు.

"యాది జేసుకో సేటూ, ఎవరెవరొచ్చిన్రు?" అని స్వాతి బతిమాలుతోంది.

"నాకేం గుర్తుంటదమ్మా. చిన్న చిన్న పార్టీలు. రెండు మూడు బస్తాలు ఆటోలేసుకొని పోయిన్రు. మావోడు ఫోన్ల ఎక్కించిండు గద, మీ కాడనే ఉంటది. మిమ్ముల పెట్టుకున్నదే గందుకు."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మా దగ్గరే ఉంది.

నేను ప్రశ్న రాశాను. ఆ గోదాము నుంచి బయలుదేరి, ఎన్ని చేతులు మారినా సరే, ఈ వారంలో సరుకు చేరిన ప్రతి పార్టీనీ చూపించు. ఒక్క రోజు తేదీయే పెడదామన్నాను. మేడం ఒప్పుకోలేదు. ఆటోలవాళ్ళూ చిన్న దుకాణాలవాళ్ళూ తీరిక దొరికినప్పుడు ఏదో ఒక తేదీ వేసి ఎక్కిస్తారు, ఒక రోజు అటూ ఇటూ అయితే ఆ ఇల్లు మనకు కనపడకుండా పోతుంది అన్నారు. వారం అనే పెట్టి నొక్కాను.

జవాబు రాలేదు. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. మేడం నా కుర్చీ వెనక నిలబడ్డారు.

సూపర్‌వైజర్ మళ్ళీ ఫోన్ చేశాడు. "దొరికినయా మేడం?"

"చూస్తున్నాం."

"ఎండకు అందరు తలుపులు పెట్టుకొని పండుకునే టైమైతుంది మేడం."

"తెలుసు నాన్నా."

చక్రం తిరుగుతూనే ఉంది. కింద దుకాణంలో ఎవరో విత్తనాల ప్యాకెట్ కోసం బేరమాడుతున్నారు. ఆపి మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే. మేడం నా భుజం మీద నుంచి ప్రశ్న చదివారు.

"ఎక్కడ మొదలుపెట్టావు?"

"గోదాం కాడ మేడం."

"గోదాము దగ్గర అని నువ్వు అనుకుంటున్నావు. దానికి గోదాము అంటే ఏంటో తెలియదు. పార్టీ అని చెప్పావు. ఆ పేరుగల పార్టీ ఏదో తెలుసుకోవడానికి ఉన్న ప్రతి పార్టీ తలుపూ తట్టి వస్తోంది. వచ్చాక ఎటు పోతోంది?"

"కొన్నోళ్ళ దిక్కు."

"లారీ కూడా పార్టీయేగా. లారీలోకి పోతోంది. ఆ లారీ ఈ వారం మోసిన ప్రతి సరుకు వెంటా పోతోంది. అది దిగిన ప్రతి దుకాణానికీ, అక్కణ్నుంచి ఇంకో ఆటోకీ, ఆ ఆటో మోసిన అన్నిటికీ. ఏమయ్యా, ఇదేమన్నా మీ చివ్వెంల బస్సా, చెయ్యెత్తిన ప్రతివాడి దగ్గరా ఆగడానికి?"

"ఆగినా సూర్యాపేటకైతే వస్తది గద మేడం" అన్నాను. భయంలో నోటికొచ్చింది అనేశాను.

"వస్తుంది. జనం లేచాక వస్తుందో, లేవకుండా పోయాక వస్తుందో."

ఆ మాట తర్వాత ఎవరం జోకులేయలేదు.

ఇలా వదిలేస్తే జవాబు వచ్చినా జిల్లా అంతా పేర్లే వస్తాయని ఆమెకు తెలిసిపోయింది. బల్ల మీద అరచేతులు ఆనించి, గుండ్రాలకు వేరే లేబుళ్ళు పెట్టాలి, ఇప్పుడే అన్నారు. నేను కిరాణం, హోటల్, హాస్టల్, రైతు, ఊరి పేరు అని చెప్పుకుంటూ పోయాను.

"అన్నీ వద్దు. ఇవాళ అడగబోయే ప్రశ్నకి ఏవి కావాలో అవి చాలు. మొదలుపెట్టడానికి గోదాము. లోపలికి పోకూడదని చెప్పడానికి బండి. ఆగడానికి దించినచోటు. అంతే."

బండ్లను గుర్తుపట్టడం తేలిక. వాటి పేరు నంబరు ప్లేటే. ఆ పని స్వాతి చేసింది. గోదాములు ఏవేవో సూపర్‌వైజర్ ఫోన్లో చదువుతుంటే నేను లేబుల్ పెట్టాను. దించినచోటు ఎలా తెలుస్తుందని అడిగాను. రకం గడి ఖాళీ. అందులో ఏది ఇల్లో, ఏది హోటలో, ఏది దుకాణమో మాకు తెలియదు.

మేడం తెర వైపే చూస్తూ అన్నారు. "ఎవరి దగ్గర్నుంచి గీత బయటికి పోలేదో చూడు. కొన్నారు గానీ అమ్మలేదు. వాళ్ళే వండుకునేవాళ్ళు. దుకాణాల పేర్లు సేటుకిచ్చి ఫోన్ చేయిద్దాం, వాళ్ళు సరుకు ముందు గదిలో పెట్టుకుంటారు. వండుకునేవాళ్ళే లోపల పెట్టుకుంటారు."

అదంతా చేసేలోపు సూపర్‌వైజర్ మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాడు. చివరిసారి ఫోన్ పెట్టలేదు. లైన్లోనే ఉన్నాడు. మిల్లు చప్పుడు వినపడుతోంది.

మళ్ళీ నొక్కాను. బటన్ మీద నుంచి వేలు తీయకముందే పేర్లు వచ్చాయి. తెరను కిందికి జరపాల్సిన అవసరం కూడా లేదు, కొన్నే పేర్లు. చూసి సంతోషించే తీరిక లేదు. ముగ్గురం పంచుకుని ఫోన్లు చేశాం. ఒకరు బస్తాలు వసారాలో వేశామన్నారు. ఒకరు ఇంకా ట్రాలీలోనే ఉన్నాయన్నారు. ఒకాయన స్వాతిని నువ్వెవరు, నీకేం పని అని తిట్టి, విషయం విన్నాక తిట్లు ఆపి ఫోన్ పెట్టకుండానే పరుగెత్తాడు. మేడం వంతుకు వచ్చింది గరిడేపల్లిలో ఒక టిఫిన్ సెంటర్.

అక్కడ ఫోన్ మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఎత్తలేదు. టిఫిన్ సెంటర్‌వాళ్ళు తెల్లవారకముందే లేచి పిండి, చట్నీల పని పెట్టుకుంటారు. పొద్దెక్కాక షట్టర్ దించి పడుకుంటారు. అది మా ముగ్గురికీ తెలుసు. నేను బండి తాళం చేతిలోకి తీసుకున్నాను. అక్కడికి చేరేసరికి ఎంతసేపవుతుందో మేడం నా ముఖంలోనే చదివి, ఆగమని చెయ్యి చూపించారు. మళ్ళీ నొక్కారు.

"హలో, ఎవలు?" మగమనిషి నిద్రగొంతు.

"సూర్యాపేట నుంచి నాన్నా. పొద్దున బియ్యం బస్తాలు దించుకున్నారా?"

"దించుకున్న. ఏ, రేటు పెరిగిందా?"

"బస్తాలు ఎక్కడ పెట్టారు?"

"ఎనుక రూముల."

"ఆ గదిలో ఎవరైనా ఉన్నారా?"

"మా ఇంటామె, బిడ్డ పండుకున్నరు. నేను ముందటి రూముల ఉన్న. ఎందుకు?"

"కిటికీ తెరిచి ఉందా?"

"ఎండకు మూసినం. ఎవలమ్మా నువ్వు?"

మేడం గొంతు పెరగలేదు. నాకది ఇప్పటికీ వింతే. "ముందు లేచి షట్టర్ ఎత్తండి. ఆ గది తలుపు బార్లా తియ్యండి. ఇద్దరినీ బయటికి తీసుకురండి, రోడ్డు మీదికి. బస్తాలు ముట్టుకోవద్దు, ఆ గదిలో నిలబడొద్దు. ఫోన్ పెట్టొద్దు. తర్వాత మాట్లాడుకుందాం. లేవండి."

షట్టర్ చప్పుడు వినపడింది. తలుపు గోడకు కొట్టుకుంది. "లే, ఏయ్, లే" అని అతను అరుస్తున్నాడు. ఆడమనిషి గొంతు వినపడలేదు. "లే అంటున్న గద" అన్నప్పుడు అతని గొంతు మారింది. ఏదో గిన్నె పడింది. తర్వాత ఏమీ లేదు. స్వాతి రెండు చేతులతో నోరు మూసుకుంది. మేడం ఫోన్ మీదికి వంగి, వినపడే చెవిని దానికి దగ్గరగా పెట్టారు.

బిడ్డ ఏడ్చింది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా. ఆ వెనకే ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు, పక్కనున్నవాళ్ళు నీళ్ళు తెమ్మని కేకలు.

మేడం కూర్చున్నారు.

తల్లీ బిడ్డలను దవాఖానకు తీసుకుపోయారు. తల్లికి తలనొప్పి, వాంతులు రెండు రోజులు తగ్గలేదు. తర్వాత ఇంటికి వచ్చారు. ఆ రోజు సాయంత్రమే, అసలేం జరిగిందో ఇంకా సరిగా తెలియని ఆ టిఫిన్ సెంటర్ ఆయన మా ఆఫీసు ఫోన్‌కు చేసి, బస్తాలు వాపసు పంపాలా అని అడిగాడు. మేడం నవ్వలేదు. పంపండి, కానీ ఆరుబయటే ఉంచి మిల్లువాళ్ళు వచ్చి ఏరాక పంపండి అన్నారు.

ఆ వారమే మిర్యాలగూడలో ఓనరు గదిలో మళ్ళీ కూర్చున్నాం. లోడింగ్‌వాళ్ళను మందలించానని, మందు లాట్లకు కాపలా పెట్టానని ఆయన చెప్పాడు. మిఠాయి తెప్పించాడు. మా వల్లే గండం గడిచిందన్నాడు. మేడం మిఠాయి ప్లేటు పక్కకు జరిపారు.

"మీరు ఫోన్ చేశాక జవాబు రావడానికి గంట దాటింది" అన్నారు. "లేబుళ్ళు సరిగా ఉంటే ఆ పేర్లు క్షణంలో వచ్చేవి. చివరికి వచ్చాయి కూడా. అన్నీ పార్టీ అని పెట్టనిచ్చింది నేనే."

"అయిపాయె గద మేడం, అందరు బతికిన్రు."

"బతికారు. ఆ గంట నాది. అది నాకు గుర్తుండనివ్వండి."

ఓనరు మిఠాయి ప్లేటు తీయించాడు. తర్వాత, "అయితే రకాలు రాసుకోండి మేడం, సెప్త" అని కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి మేం గుండ్రాలన్నిటికీ లేబుళ్ళు మార్చాం. కంగారులో పెట్టిన మూడింటితో ఆగలేదు, అన్నీ మళ్ళీ ఆలోచించి పెట్టాం. నాకు ఉత్సాహం ఎక్కువైంది. ప్రతి ఊరికీ ఒక లేబుల్, ప్రతి బియ్యం రకానికీ ఒకటి అంటించాను. ఒక గుండ్రానికి చాలా లేబుళ్ళు పడ్డాయి. ప్రశ్నలో దారి పొడుగునా వచ్చే ప్రతి గుండ్రం దగ్గరా దాని లేబుల్ చూసి రమ్మని రాశాను. పని వేగం కావడం పోయి మళ్ళీ నెమ్మదించింది. మేడం అది చదివి నన్ను కోప్పడలేదు.

"గోదాము నుంచి అమ్మకం గీత పట్టుకుని పోతే అవతల కొన్నవాడు తప్ప ఇంకెవరు ఉంటారు? దారిలో ప్రతివాణ్ణీ ఆపి నువ్వు ఎవరివి అని అడగడం ఎందుకు? మొదలుపెట్టే చోట అడుగు. దారి చీలే చోట అడుగు. మిగిలినచోట నడువు."

"మరి ఊరి పేరు వద్దా మేడం?"

"ఊరి పేరు గుండ్రం లోపల ఉండనీ. తెలిసినవన్నీ నొసటి మీద అంటించక్కర్లేదు. అడగబోయేవి అంటించు."

నేను ఇంకా అలాగే చేస్తాను. కొత్త పని వస్తే ముందు ఏం ఉన్నాయో చూడను, ఏం అడుగుతారో కనుక్కుంటాను. అడిగినవాళ్ళు నవ్వుతూ అన్నీ ఒకటే అంటే, నేను నవ్వి వచ్చేయను. కూర్చుంటాను.

ఆమెకు కిడ్నీలు చెడ్డాయి. డయాలసిస్ మొదలయ్యాక వారంలో కొన్ని రోజులే వచ్చేవారు, తర్వాత రాలేదు. ఆ రోజు గురించి మేం మెచ్చుకుంటూ మాట్లాడితే ఆమె ఎప్పుడూ ఆ మాటల్లో కలిసేవారు కాదు. దవాఖాన మంచం మీద నుంచి ఫోన్ చేసి, సూపర్‌వైజర్‌గా కొత్త మనిషి వచ్చాడట, మందు లాట్ కవరు ఎవరు చూస్తున్నారో కనుక్కున్నావా అని అడిగారు. అడిగాను, చూస్తున్నారు అన్నాను. "నీకు ఎవరు చెప్పారు, చూసేవాడా, ఓనరా?" అన్నారు. ఓనరు చెప్పాడు. నేను మళ్ళీ మిల్లుకు ఫోన్ చేశాను.

సమాధికి స్వాతి, నేను కలిసి వెళ్ళాం. కోదాడ ఎండ. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు. పెట్టె మూసి గోతిలోకి దించాక, మట్టి వేస్తున్నప్పుడు, గేటు దగ్గర ఒకాయన బండి దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. వెనక భార్య, ఆమె వేలు పట్టుకుని ఒక పాప. అందరి ముఖాలూ చూసి, వయసులో చిన్నవాణ్ణని కాబోలు, నా దగ్గర ఆగాడు.

"సార్, గరిడేపల్లి మాది. మిల్లోళ్ళు సెప్పిన్రు" అన్నాడు. "ఫోన్ల మాట్లాడిన మేడం ఈమెనేనా?"

అవునన్నాను.

"మూసేసిన్రా?"

మూసేశారన్నాను. అతను గోతివైపు చూసి, చెప్పులు విప్పి, మళ్ళీ నా వైపు తిరిగాడు. "ఒక్కపాలి ముఖం సూద్దామని వచ్చినం. ఎన్నడు సూడలే."

భార్య ముందుకొచ్చింది. "ఫోటో ఏమన్న ఉందా అన్నా మీ కాడ?"

ఫోన్‌లో వెతికాను. మేడం ఫోటో దిగేవారు కాదు. దొరికింది ఒకటే. ఆఫీసు మెట్ల మీద నిలబడి టీ తాగుతున్నారు, గ్లాసు ముఖానికి అడ్డం ఉంది. నుదురు, కళ్ళద్దాలు, గ్లాసు పట్టుకున్న వేళ్ళు కనపడతాయి. ఇచ్చాను.

ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూశారు. ఎండకు తెర సరిగా కనపడక ఆమె కొంగు అడ్డం పట్టింది. అతను రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేశాడు. గ్లాసు పెద్దదైంది. పక్కకు జరిపాడు, కళ్ళద్దాలు వచ్చాయి. ఇంకా పెద్దది చేశాడు. పాప నాకు, నాకు అని వాళ్ళ మధ్య నుంచి తల దూర్చింది. గోతి దగ్గర మట్టి పడుతున్న చప్పుడు ఆగలేదు. వాళ్ళు ముగ్గురూ కొంగు నీడలో తలలు వంచి, ఆ ఫోటోను అటూ ఇటూ జరుపుతూనే ఉన్నారు.